ఆదివారం వంట... బుధవారం దాకానే!

ఆదివారం సాయంత్రం ఏడు గంటలు. వంటింటి గట్టు మీద పదకొండు డబ్బాలు వరసగా నిలబడ్డాయి. సోమవారానికి వెజిటబుల్‌ పులావు, మంగళవారానికి బీన్స్‌ కూర, బుధవారానికి ఆలూ కుర్మా... అలా శుక్రవారం సాంబారు దాకా అన్నీ తయార్‌! ఫోన్‌తో ఫొటో తీసి మా అక్కకు పంపించాను. 'ఈ వారమంతా ఆఫీసు నుంచి రాగానే వేడి చేసుకోవడం, తినడం... అంతే' అని మావారికి గొప్పగా ప్రకటించాను.

సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు స్కూలు నుంచి ఫోన్‌. 'మీవాడు వాంతులు చేసుకుంటున్నాడు, వచ్చి తీసుకెళ్లండి' అని.

గతేడాది జూన్‌ సంగతిది. బడులు అప్పుడే తెరిచారు. వానలింకా పడలేదు, హైదరాబాద్‌లో ఎండ మాత్రం మే నెలలాగే ఉంది. ఎండదెబ్బేమో అనుకుంటూ వాణ్ని ఒళ్లో వేసుకుని ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాను. దారిలో మరో రెండుసార్లు వాంతి. తొమ్మిదేళ్ల పిల్లాడు ఒక్క పూటలో అంత నీరసపడిపోతాడని నాకు తెలియదు.

డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు. మధ్యాహ్నం ఏం తిన్నాడని అడిగారు. పులావు అన్నాను. ఎప్పుడు వండారన్నారు. నిన్న మధ్యాహ్నం, కానీ ఫ్రిజ్‌లోనే పెట్టానండీ అన్నాను, ఆ మాటతో నా తప్పేమీ లేదని తేలిపోయినట్టు. ఆయన వదల్లేదు. 'ఫ్రిజ్‌లో ఎన్నింటికి పెట్టారు?'

అక్కడ దొరికిపోయాను. ఒంటిగంటకు దించిన పులావు రాత్రి ఎనిమిదింటి దాకా కుక్కర్లోనే, మూత పెట్టి గట్టు మీదే ఉంది. వేడి వేడిది ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్‌ పాడైపోతుందని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా! చల్లారాక కుక్కరు గిన్నె గిన్నెగా లోపలికి తోసేశాను. పొద్దున కాస్త వెచ్చచేసి ఏడున్నరకు డబ్బాలో సర్దాను. వాడు తిన్నది పన్నెండున్నరకు. లెక్క వేసుకోండి... గట్టు మీద ఏడు గంటలు, డబ్బాలో ఐదు గంటలు. ఫ్రిజ్‌లో ఉన్నదాన్ని పక్కన పెట్టినా పన్నెండు గంటలు గోరువెచ్చగా ఉన్న అన్నం!

'ఫలానా అని పరీక్ష లేకుండా చెప్పలేను గానీ, నా అనుమానం మాత్రం ఆ అన్నం మీదే' అన్నారాయన. ఓఆర్‌ఎస్‌ గుక్కగుక్కగా తాగించమన్నారు. రాత్రికి వాంతులు తగ్గాయి. మర్నాడు పొద్దున లేచి 'దోసె కావాలి' అన్నాడు. ఆ మాట విన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

వాడు లేచి తిరుగుతున్నాడు సరే, నాకు మాత్రం ఆ ప్రశ్న పట్టుకుంది. చికెన్‌ పాడవుతుందంటే సరే. చేప పాడవుతుందంటే సరే. రోజూ మూడు పూటలా తినే అన్నం ఏమిటి, వాంతులు తెప్పించడం ఏమిటి?

చదివితే తెలిసింది. బియ్యంలో బాసిల్లస్‌ సీరియస్‌ అనే బ్యాక్టీరియా ఉంటుందట. (పేరులోనే సీరియస్‌ ఉంది చూడండి!) అది మట్టిలో ఉండేది, పొలం నుంచే గింజతోపాటు వస్తుంది. దాని బీజాలు గట్టిపిండాలు. అన్నం ఉడికించినా చావవు. వేడి తగ్గి అన్నం గోరువెచ్చన కాగానే మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని వదుల్తాయి. అసలు చిక్కంతా ఆ విషంతోనే. తిరిగి వేడి చేస్తే బ్యాక్టీరియా చావొచ్చు గానీ, ఆ విషం చావదు. పెనం మీద పొగలు వచ్చేదాకా వేయించినా అలాగే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు. మావాడికి పట్టింది రెండు గంటలు. అన్నిటికన్నా భయపెట్టే సంగతి... వాసన రాదు, రంగు మారదు, రుచి తేడా ఉండదు. ఆ పులావు రాత్రి నేనూ ఒక స్పూను నోట్లో వేసుకుని 'బ్రహ్మాండం' అనుకున్నాను.

మా అత్తగారు తెనాలి నుంచి ఫోన్‌ చేశారు. 'అందుకే ఆ ఫ్రిజ్‌లో కూడు పిల్లాడికి పెట్టొద్దంటాను అమ్మాయ్‌' అన్నారు. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. 'మీరంతా చద్దన్నం తిని పెరగలేదా అత్తయ్యా?' అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, 'చద్దన్నానికీ పాచన్నానికీ తేడా తెలీదూ నీకు?' అన్నారు.

పెద్దల మాట చద్దిమూట అని ఊరికే అనలేదు. ఆవిడ చెప్పిందే నిజం. రాత్రి అన్నంలో నీళ్లు పోసి కుండలో ఉంచితే అది పులుస్తుంది. పెరుగును తోడు పెట్టే సూక్ష్మజీవుల్లాంటివే అందులో పెరిగి పులుపునిస్తాయి. పులుపు పెరిగేకొద్దీ చెడ్డ బ్యాక్టీరియాకు అక్కడ కాలు నిలవదు. తరవాణి కుండ ఉన్న ఇళ్లలో నిన్నటి పులుపు నేటి అన్నానికి తోడుగా ఉండేది. తెల్లారగానే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేసేవాళ్లు, మధ్యాహ్నం దాకా ఉంచేవాళ్లు కాదు. కుక్కర్లో మూతపెట్టి వదిలేసిన పొడి పులావుకు ఆ పులుపూ లేదు, ఆ పద్ధతీ లేదు. పులవడం వేరు, పాచిపోవడం వేరు. అది నాకు ఫోన్‌లో అర నిమిషంలో తేల్చేశారు.

అలాగని వారం వంట మానేశానా? మానలేదు. మానితే రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చేవాళ్లకు మిగిలేది ఏమిటి? నూడుల్సు, లేదంటే బయటి నుంచి తెప్పించుకున్న బిర్యానీ. నేనీ డబ్బాల దారి పట్టిందే దాన్నుంచి తప్పించుకోవడానికి. మానలేదు గానీ మార్చాను.

రెండు గంటల లెక్క

మొదట మారింది గడియారం. వండింది గట్టు మీద రెండు గంటలకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల సెల్సియస్‌ మధ్య వేడి బ్యాక్టీరియాకు పండగ. అయితే పొయ్యి మీద అరవై పైన ఉంచాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఐదు కింద ఉంచాలి. మధ్యలో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. గది వేడి 32 డిగ్రీలు దాటితే రెండు గంటలు కాదు, గంటే గడువు అంటుంది అమెరికా వ్యవసాయ శాఖ. మనకు మార్చి నుంచి జూన్‌ దాకా వంటిల్లు ఎప్పుడైనా 32 లోపు ఉంటుందా? కాబట్టి మా ఇంట్లో ఏడాది పొడుగునా గంటే.

మరి గంటలో చల్లారేదెలా? కుక్కరు గిన్నెలో గుట్టలా ఉన్న అన్నం మూడు గంటలకూ చల్లారదు. పైన చల్లగా తగిలినా నడిమధ్యలో వేడి అలాగే ఉంటుంది. దీనికి నేను ఇంగ్లిషు పుస్తకాలేవేవో తిరగేశాను. లోతు తక్కువున్న వెడల్పాటి పాత్రలో పరచాలి అని రాసుంది. అయ్యో రామా, అది మనం పులిహోరకు చేసేదే కదా! అన్నం వార్చి, పళ్లెంలో పరిచి, పసుపూ నూనే వేసి, ఫ్యాన్‌ కింద ఆరబెట్టడం... ఇరవై నిమిషాల్లో చల్లారిపోతుంది. పప్పు, సాంబారు అయితే గిన్నెను చల్లటి నీళ్ల బేసిన్‌లో దించి గరిటెతో తిప్పుతూ ఉంటాను. పిల్లలకు పాలు చల్లార్చడం ఎలాగో అలా. కూరలు రెండంగుళాల లోతు మించని డబ్బాల్లోకి సర్దేస్తాను. ఆవిరి పోయాక కాస్త వెచ్చగా ఉన్నా సరే లోపల పెట్టేయడమే. కుతకుతలాడే పది లీటర్ల గిన్నె పెడితే పక్కన ఉన్నవి వేడెక్కుతాయి గానీ, చిన్న డబ్బాలతో ఇప్పటి ఫ్రిజ్‌లకు ఏమీ కాదు.

మాంసం వండేవాళ్లకు ఇంకో మాట. బంధువులు వచ్చారని పెద్ద గిన్నె నిండా మటన్‌ కూర వండి, రాత్రంతా పొయ్యి మీదే వదిలేసి, 'పొద్దున ఒక మరుగు మరిగిస్తే సరి' అనుకుంటాం చూశారా... అది సరి కాదు. గాలి తగలని ఆ గిన్నె అడుగున పెరిగేవి వేరే ఉన్నాయి, అవి పొట్టను పట్టుకుంటాయి. చేపల పులుసు మర్నాటికే రుచి, కాదనను. ఆ రుచి ఫ్రిజ్‌లో ఉన్నా వస్తుంది.

రెండోది, రోజుల లెక్క. వండిన కూరలు ఫ్రిజ్‌లో మూడు రోజులు, మహా అయితే నాలుగు. ఆదివారం వండితే బుధవారం దాకా. ఎంత గాలి చొరని డబ్బా కొన్నా శుక్రవారం దాకా మాత్రం కాదు! గురువారం, శుక్రవారం తినాల్సినవి డీప్‌ ఫ్రీజర్‌ నుంచి రావాలి, లేదా బుధవారం రాత్రి ఒక అరగంట మళ్లీ పొయ్యి ముందు నిలబడాలి. నేను నిలబడుతున్నాను. ఇక అన్నానికైతే ఒక్కరోజే గడువు, బ్రిటన్‌ ఆహార ప్రమాణాల సంస్థ మాట ఇది. అందుకే వారానికి సరిపడా అన్నం వండే ఆలోచన పూర్తిగా వదిలేశాను. కుక్కర్లో అన్నం పావుగంట పని. దానికి ఆదివారం దాకా ఎందుకు? నిన్నటి అన్నం మిగిలితే ఇంట్లో పొగలు వచ్చేలా వేడి చేసుకుని మేమిద్దరం తింటాం. పిల్లాడి డబ్బాలోకి మాత్రం వెళ్లదు. డబ్బాలో పొద్దున వండిందే. అందులోనూ ఎండాకాలం పెరుగన్నమో, పులిహోరో, నిమ్మకాయ అన్నమో. ఆ పులుపు మధ్యాహ్నం దాకా కొంత కాపలా కాస్తుంది. రైలు ప్రయాణానికి మన అమ్మమ్మలు పులిహోరే ఎందుకు కట్టేవాళ్లో ఇప్పుడు తెలుస్తోంది.

సగం వంట

అన్నిటికన్నా పెద్ద మార్పు ఇక్కడుంది. ఇంతకుముందు వంట మొత్తం ముందే చేసేదాన్ని. ఇప్పుడు సగమే చేస్తున్నాను.

ఉదాహరణకు కందిపప్పు. ఆదివారం ఒకేసారి మూడు గ్లాసులు ఉడికించి, ఉప్పూ పులుపూ వెయ్యకుండా, మూడు చిన్న డబ్బాల్లో సర్దుతాను. ఒకటి ఫ్రిజ్‌లోకి, రెండు ఫ్రీజర్లోకి. సోమవారం మొదటి డబ్బా తోటకూర పప్పవుతుంది. బుధవారం రెండోది సాంబారు. శుక్రవారం మూడోది టమాటా పప్పో, పప్పుచారో. తాలింపు అప్పటికప్పుడు పడుతుంది కాబట్టి ఎవరికీ పాతదన్న అనుమానం రాదు. పొయ్యి దగ్గర పని పదిహేను నిమిషాలు. శనగలు, అలసందలు, రాజ్మా కూడా అంతే... నానబెట్టి, ఉడికించి, కొంచెం నీళ్లతో సహా ఫ్రీజర్లో పెడితే ఎప్పుడంటే అప్పుడు కూర. ఉల్లిపాయ, టమాటా మగ్గించిన మసాలా ముద్ద ఇంకొకటి. చింతపండు గుజ్జును నూనె, ఉప్పు, పసుపు, ఎండుమిర్చితో దగ్గరగా ఉడికించి సీసాలో పెట్టుకుంటే ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంటుంది. పులిహోర ఐదు నిమిషాల పని.

అల్లం వెల్లుల్లి ముద్దతో మాత్రం జాగ్రత్త. నూనె పోసి బయట ఉంచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. నూనె కింద గాలి తగలని వెల్లుల్లిలో పెరిగే బ్యాక్టీరియా చాలా ప్రమాదకరమైంది. ఐసు ముక్కల ట్రేలో గడ్డకట్టించి, ఆ ముక్కలు సంచీలో వేసి ఫ్రీజర్లో పెట్టుకోండి. కూరకో ముక్క.

కూరగాయల్లో ఏది ముందు తరగొచ్చో, ఏది తరగకూడదో దెబ్బలు తిని నేర్చుకున్నాను. బీన్స్‌, క్యారెట్‌, దొండకాయ, క్యాబేజీ తరిగి పెట్టుకోవచ్చు, రెండు మూడు రోజులు బాగుంటాయి. బెండకాయ కడిగి, పూర్తిగా ఆరాకే తరగాలి, లేదంటే డబ్బా తెరిస్తే జిగురే. వంకాయ జోలికి వెళ్లొద్దు, నల్లబడుతుంది. ఆకుకూర కడక్కుండా, కాడలు తీసి, పాత పంచె ముక్కలో చుట్టి పెడితే మూడు రోజులు. (మా పేపరు పాత కాపీలూ దీనికి భేషుగ్గా పనికొచ్చేవి, ముద్రణ సిరా అంటుతుందని ఇప్పుడు వాడటం లేదు.) గోంగూర నూనెలో మగ్గించి పెట్టుకోవచ్చు. బంగాళాదుంప కూర ఫ్రీజర్లో పెడితే కరిగాక ఇసుకలా గరగరలాడుతుంది... నా ఆలూ కుర్మా గతి అదే అయింది. కొబ్బరి పచ్చడి ఏ పూటకాపూటే. పెసరట్టు పిండి మర్నాటికి అయిపోవాలి. కోడిగుడ్లు ఉడికించి, పెంకు తియ్యకుండా ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి.

ఇక ఏ ఫ్రిజ్‌ అక్కర్లేని వారం వంట మనకు ముందునుంచీ ఉంది. కందిపొడి, కరివేపాకు పొడి, మునగాకు పొడి, నువ్వుల పొడి, అవిసెగింజల పొడి. తడి లేదు కాబట్టి పాడవ్వవు. తడి చెంచా పెట్టనంతకాలం అన్నమాట. మా ఇంట్లో ఆ తడి చెంచా ఎవరిదో చెప్పను, ఆయన కూడా ఈ పేజీ చదువుతారు.

పోషణ మాట మర్చిపోయానని అనుకోకండి. ఆ పదకొండు డబ్బాల ఫొటో మొన్న మళ్లీ చూశాను. అన్నం, ఆలూ, అన్నం, కుర్మా! మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు రెండు వేల క్యాలరీలు తినే మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. మేం ముగ్గురం, ఎక్కువ రోజులు అత్తగారితో కలిపి నలుగురం. పిల్లాడికి కొంత తగ్గించినా వారానికి పది కిలోల కూరగాయలు. రైతుబజారు నుంచి నా సంచీలో వచ్చేవి ఎప్పుడూ ఐదు కిలోలు దాటేవి కావు. ఇప్పుడు రెండు సంచులు. డబ్బాలు నింపేటప్పుడు ముందు కూరగాయలవి నింపుతున్నాను.

ఫ్రిజ్‌ గురించి రెండు ముక్కలు. తలుపు దగ్గర చల్లదనం అన్నిటికన్నా తక్కువ, వండినవి అక్కడ పెట్టొద్దు. పచ్చి మాంసం, చేప అడుగు అరలోనే ఉండాలి, వాటి నీళ్లు కూరల మీద కారకుండా. లోపలి నాబ్‌ మీద అంకె పెరిగితే చాలా ఫ్రిజ్‌లలో చల్లదనం పెరుగుతుంది. మావారు నాలుగేళ్లుగా 'ఒకటి అంటే ఒక డిగ్రీ' అనుకుంటూ ఒకటి మీదే పెట్టారు! చిన్న థర్మామీటరు కొని లోపల పెడితే తొమ్మిది చూపించింది. కరెంటు పోతే తలుపు తియ్యకుండా ఉంటే నాలుగు గంటలు ఫర్వాలేదు. నిండుగా ఉన్న ఫ్రీజర్‌ అయితే తలుపు తియ్యకపోతే రెండు రోజులు ఆగుతుంది. మొత్తం డబ్బాను వేడి చేసి, మిగిలింది మళ్లీ లోపల పెట్టి, మర్నాడు మళ్లీ వేడి చేయడం... ఇది మాత్రం మానుకోవాలి. తినేంత తీసుకుని, బుడగలు వచ్చేదాకా వేడి చేసి, తినేయాలి. గడ్డకట్టినవాటిని ముందురోజు రాత్రే ఫ్రీజర్‌ నుంచి కింది అరలోకి దించుకోవాలి, గట్టు మీద కరగబెట్టకూడదు.

ప్రతి డబ్బా మీదా కాగితం ముక్క అంటించి వారం పేరు రాస్తున్నాను. ఆది, బుధ... అంతే.

మా అత్తగారు ఈ సంక్రాంతికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఫ్రిజ్‌లోది ముట్టరు. ఆవిడ పూట ఆవిడ వండుకుంటారు. నా డబ్బాలను మాత్రం రోజూ తెరిచి చూస్తున్నట్టు నాకు అనుమానంగానే ఉండేది.

మొన్న గురువారం ఆఫీసులో ఆలస్యమైంది. ఇంటికి వచ్చేసరికి పది. దొండకాయ కూర ఉంది కదా అని ఫ్రిజ్‌ తీస్తే డబ్బా లేదు. కడిగి బోర్లించి ఉంది. 'దాని మీద ఆది అని రాసుంది. నాలుగు రోజులు దాటింది, పారేశాను' అన్నారు గది లోంచి. నాకు ఒళ్లు మండింది. అరకిలో దొండకాయలు!

'మరి నేనేం తినను అత్తయ్యా?'

లేచి వచ్చి పొయ్యి మీది గిన్నె మూత తీశారు. పప్పుచారు. ఇంగువ తాలింపు వాసన ఇల్లంతా కొట్టింది. అన్నం కూడా వేడిగానే ఉంది. కంచంలో వడ్డిస్తూ, నావైపు చూడకుండా అన్నారు.

'పప్పు నీ డబ్బాలోదే. పైన గడ్డకట్టిన దాంట్లోది. నేనూ అదే తిన్నాన్లే.'